కౌంటీ బౌలర్ లెంగ్త్, నెల్లూరు గాలి

డెరెక్ షాకిల్టన్ పేరు మన కుర్రాళ్లు విని ఉండరు. ఇంగ్లండ్‌లో హాంప్‌షైర్ కౌంటీకి (కౌంటీ అంటే మన జిల్లా లాంటిది) ఆడిన మీడియం పేసర్. 1949 నుంచి 1968 దాకా వరసగా 20 సీజన్లు, ఏ ఏడూ 100 వికెట్లకు తగ్గలేదు. మొత్తం ఫస్ట్‌క్లాస్ వికెట్లు 2,857. టెస్టులు మాత్రం ఏడే ఆడాడు. పెద్ద వేగమూ లేదు, ఆర్భాటమూ లేదు. బంతి పడాల్సిన చోట పడేది, పొద్దస్తమానం అక్కడే పడేది. కావలిలోనో కందుకూరులోనో పదహారేళ్ల కుర్రాడు గంటకు 140 కిలోమీటర్ల వేగంతో వేయాలని ఒళ్లు హూనం చేసుకునేకంటే ఈ విద్య పట్టుకోవడం మేలు. గాలిలో బంతి బాగా తిరగడానికి 140 అక్కర్లేదు కూడా. కొత్త బంతికి గంటకు 112 కిలోమీటర్లకు అటూ ఇటుగా ఉన్న వేగమే స్వింగుకు బాగా కలిసొస్తుంది.

ఇక్కడ చెప్పేదంతా కుడిచేతి బౌలర్, కుడిచేతి బ్యాట్స్‌మన్ అనుకుని చదవండి.

ముందు బంతి. మగవాళ్ల పెద్ద బంతి 156 నుంచి 163 గ్రాములు ఉండాలి. పదమూడేళ్లలోపు పిల్లలకు చిన్న బంతి, 133 నుంచి 144 గ్రాములది వస్తుంది, అదే ఇవ్వాలి. కౌంటీల్లో వాడే డ్యూక్స్, మన దగ్గర వాడే ఎస్జీ, రెండూ చేత్తో కుట్టినవే, సీమ్ (బంతి నడుమ కుట్టు) లేచి ఉంటుంది. చవకరకం మిషను కుట్టు బంతితో సాధన చేస్తే సీమ్ వారం తిరక్కుండానే అణిగిపోతుంది. అప్పుడు తప్పు చేతిదో బంతిదో తెలియదు.

అవుట్‌స్వింగర్‌కు, అంటే గాలిలో బ్యాట్స్‌మన్ నుంచి బయటికి తిరిగే బంతికి, చూపుడువేలు, మధ్యవేలు సీమ్‌కు చెరోవైపు, మధ్యలో పెన్సిల్ పట్టేంత సందు. బొటనవేలు కింద సీమ్ అంచు మీద. బంతి అరచేతికి ఆనకూడదు, రెంటి మధ్యా వెలుతురు కనపడాలి. సీమ్‌ను ఫస్ట్ స్లిప్ (వికెట్‌కీపర్ పక్కనే ఆఫ్ వైపు నిలబడే ఫీల్డర్) వైపు 20 డిగ్రీల దాకా తిప్పి ఉంచండి, అంతకు మించొద్దు. మెరుపు వైపు కుడి పక్కన, గరుకు వైపు ఎడమ పక్కన. వదిలేటప్పుడు మణికట్టు బంతి వెనకే నిటారుగా ఉండాలి, వేళ్లు బంతి వెనకభాగాన్ని కిందికి లాగాలి. బంతి వెనక్కి తిరుగుతూ పోతేనే సీమ్ నిలబడుతుంది. టెన్నిస్ బాల్‌తో పెరిగిన పిల్లలు చివర్లో మణికట్టు పక్కకు వాలుస్తారు. టెన్నిస్ బాల్‌కు సీమ్ లేదు కాబట్టి ఆ తప్పు అక్కడ బయటపడదు. లెదర్ బంతి చేతికొచ్చాక సీమ్ గింగిరాలు కొడుతుంటే అదే కారణం. పాత బంతికి సీమ్‌కు ఒకవైపు తెల్లరంగు వేసి పది అడుగుల దూరంలో ఉన్నవాడికి విసరండి. రంగు గీత కదలకుండా కనపడేదాకా రోజూ 50 సార్లు. విసుగు పనే, కానీ దీనికి దగ్గరదారి లేదు.

తరవాత లెంగ్త్, అంటే బంతి పిచ్ మీద ఎంత దూరంలో పడుతుందన్నది. బ్యాట్స్‌మన్ స్టంప్స్ నుంచి టేపు పెట్టి 6 మీటర్ల దగ్గర ఒక గీత, 7 మీటర్ల దగ్గర ఒక గీత ముగ్గుపిండితో గీయండి. వెడల్పు ఆఫ్ స్టంప్ ఎదురుగా మొదలై బయటికి జానెడు. ఆ డబ్బాలోనే బంతి పడాలి. స్టంప్స్ మీద 71 సెంటీమీటర్ల ఎత్తున, అంటే బెయిల్స్ మట్టంలో, అటూ ఇటూ కర్రలు పాతి పురికొస కట్టండి. డబ్బాలో పడ్డ బంతి పురికొసకు దగ్గర్లో పోతుంటే లెంగ్త్ కుదిరినట్టు. బంతి మోకాటి ఎత్తున పోతుంటే ఆ పిచ్ బంతిని లేపడం లేదు, లేక మీరే డబ్బా దాటి బ్యాట్స్‌మన్‌కు దగ్గరగా వేస్తున్నారు. వెనకాల వల కావాలంటే మైపాడు, కొత్తపట్నం వైపు పాత చేపల వలలు దొరుకుతాయి. బిగించి కడితే బంతి ఎగిరి తిరిగొస్తుంది, వదులుగా వేలాడదీయండి. 36 బంతులేసి డబ్బాలో ఎన్ని పడ్డాయో రాసుకోండి. మొదటి నెలలో 18 పడితే పరవాలేదు. 26 దాటాకే బ్యాట్స్‌మన్‌ను నిలబెట్టండి.

నేల మారితే డబ్బా కూడా జరగాలి. ఒంగోలు చుట్టుపక్కల నల్లరేగడి నేల ఎండితే బీటలు వారుతుంది, బంతి ఒకసారి లేస్తే ఒకసారి కాళ్ల దగ్గరే పోతుంది. అక్కడ డబ్బాను అర మీటరు ముందుకు, 5.5 దగ్గరికి జరిపి స్టంప్స్‌కే వేయాలి. కొబ్బరిపీచు మ్యాట్ మీద బంతి బాగా పట్టి లేస్తుంది, కాబట్టి అక్కడా కాస్త ముందుకే. లేకపోతే బంతి బ్యాట్‌కు తగలకుండా అందంగా బీట్ చేస్తుంటారు, వికెట్ మాత్రం పడదు. మ్యాట్ వదులైతే కాలు జారుతుంది, మేకులు ముందే చూసుకోండి.

అసలు మజా గాలిలో ఉంది. ఎండ కంట్లో పడకుండా పిచ్‌లను ఎక్కువగా ఉత్తర దక్షిణాలుగా వేస్తారు. వేసవి ఉదయం వీచేది పడమటి గాలి, వడగాలి. మధ్యాహ్నం తిరిగాక నెల్లూరులో సముద్రపు గాలి తూర్పు నుంచి, ఆగ్నేయం నుంచి లోపలికొస్తుంది. దక్షిణం ఎండ్ (పిచ్ కొస) నుంచి వేసేవాడికి ఈ గాలి కుడిచేతి వైపు నుంచి తగులుతుంది, బంతిని స్లిప్ వైపు నెడుతుంది. అంటే అవుట్‌స్వింగర్ వేసేవాడు పొద్దున ఉత్తరం ఎండ్, సముద్రపు గాలి తిరిగాక దక్షిణం ఎండ్ అడిగి తీసుకోవాలి. కెప్టెన్లు చాలామంది దీన్ని పట్టించుకోరు. నీడ ఉన్న వైపు పెద్ద బౌలర్, ఎండ వైపు చిన్న బౌలర్, ఇదే లెక్క. ఉదయగిరి, కనిగిరి దాకా ఆ గాలి ఆలస్యంగా, పలచబడి వస్తుంది. పిడికెడు దుమ్ము వదిలి చూసుకుని ఎండ్ తేల్చుకోండి. ఉక్కపోస్తే స్వింగ్ ఎక్కువన్న మాట ఇంగ్లండ్‌లోనూ ఉంది గానీ, గాలిసొరంగం పరీక్షల్లో అది తేలలేదు. బంతి మెరుపూ సీమూ చూసుకోండి చాలు. ఉమ్ము రాయడాన్ని ఐసీసీ 2022లో శాశ్వతంగా నిషేధించింది. చెమట వాడొచ్చు, అదీ ఒక్క వైపే. డిసెంబరు, జనవరి ఉదయాల్లో మంచుకు తడిసిన గడ్డి మీద దొర్లిన బంతి నీరు పీల్చి బరువెక్కుతుంది, ప్రతి బంతికీ పొడిగుడ్డతో తుడవాలి.

బంతి పాతబడి స్వింగ్ ఆగాక కట్టర్లు. వేళ్లను బంతి కుడివైపు నుంచి కిందికి లాగితే ఆఫ్ కట్టర్, పడ్డాక లోపలికొస్తుంది. ఎడమవైపు లాగితే లెగ్ కట్టర్, బయటికి పోతుంది. మ్యాట్ మీద ఈ రెండే వికెట్లు తెస్తాయి. చేయి వేగం తగ్గించకండి, తగ్గితే బ్యాట్స్‌మన్‌కు ముందే తెలిసిపోతుంది.

కౌంటీ ఛాంపియన్‌షిప్‌లో ఇప్పుడు జట్టుకు 14 నాలుగు రోజుల మ్యాచ్‌లు. జహీర్ ఖాన్ 2006లో వూస్టర్‌షైర్‌కు 78 వికెట్లు తీసి, ఆ ఏడాది చివర్లో భారత జట్టులోకి తిరిగొచ్చాడు. అన్ని ఓవర్లు వేయాలంటే నడుము నిలవాలి. ఎదిగే వయసులో నడుము కిందిభాగం ఎముకకు సన్నని చీలిక రావడమే బౌలర్లకు పెద్ద గండం. వెనక కాలు క్రీజుకు సమాంతరంగా ఆని, ఛాతీ మాత్రం బ్యాట్స్‌మన్ వైపు తిరిగి ఉంటే నడుము మెలిపడుతుంది. వెనక నుంచి ఫోన్‌లో స్లో మోషన్ తీసి చూడండి. తుంటి, భుజాలు ఒకే వైపు తిరిగి ఉండాలి. పదహారేళ్లవాడికి మొదటి వారం 90 బంతులు చాలు. వారానికి 15 చొప్పున పెంచి 180 దగ్గర ఆపండి, వరసగా రెండు రోజులు వేయనివ్వకండి. ఏప్రిల్, మే నెలల్లో ఉదయం ఎనిమిదికల్లా ముగించాలి. నడుముకు ఎడమవైపు, వెనక్కి వంగినప్పుడు నొప్పి వస్తే ఆ రోజే బంతి పక్కన పెట్టించండి. తొలి రోజుల్లో ఈ చీలిక ఎక్స్‌రేలో కనపడకపోవచ్చు, ఎముకల డాక్టరును ఎమ్మారై గురించి అడగండి.