థార్ ఎడారిలో క్యాంపింగ్: బండి దిగబడితే, టెంట్ ఎగిరిపోతే, దారి తప్పితే

డిసెంబర్‌లో ఆరుగురం ఫ్రెండ్స్ రెండు బండ్లలో కొంపల్లి నుంచి బయల్దేరి, మూడో రోజు సాయంత్రానికి జైసల్మేర్ చేరాం. ఒకటి నాలుగు చక్రాలూ లాగే (ఫోర్ బై ఫోర్) మహీంద్రా థార్, ఇంకోటి నాది, ముందు చక్రాలతో లాగే మామూలు ఎస్‌యూవీ. (థార్‌లో థార్ అనే జోకు దారి పొడుగునా విన్నాం, మీరు మళ్లీ వేయకండి.) జైసల్మేర్ దగ్గరి ఖురి అనే ఊరి చుట్టుపక్కల నాలుగు రాత్రులున్నాం. అక్కడ మాకు ఎదురైన తిప్పలు, ఎక్కువ టెన్షన్ పెట్టినవి ముందు వచ్చేలా రాస్తున్నా.

సమస్య: చక్రాలు తిరుగుతున్నాయి, బండి కదలట్లేదు

దీనికి సగం కారణం మన హైదరాబాద్ అలవాటే. వానాకాలం రోడ్డు మీద నీళ్లు నిలిస్తే ఫస్ట్ గేర్ వేసి, యాక్సిలరేటర్ మీంచి కాలు తీయకుండా దాటేస్తాం కదా. ఇసుకలో ఆ పని చేస్తే చక్రం ఉన్నచోటే గుంత తవ్వుకుంటుంది. నేను పది సెకన్లు తొక్కానేమో, దిగి చూస్తే ముందు చక్రాలు సగం లోపలే ఉన్నాయి, బండి కడుపు ఇసుకకు ఆనింది.

మిగతా సగం కారణం టైర్లలో గాలి. హైవే కోసం నింపిన 33, 35 పీఎస్ఐతోనే ఇసుకలోకి దిగితే టైరు గట్టిగా ఉండి కోసుకుంటూ దిగిపోతుంది. గాలి తగ్గిస్తే టైరు అడుగు పొడవుగా పరుచుకుంటుంది, బరువు అంతా ఒక్కచోట పడదు. ఒంటె పాదం నేలమీద ఆనినప్పుడు ఎలా విచ్చుకుంటుందో చూడండి, అదే సంగతి.

ఏం చేయాలంటే, ముందు యాక్సిలరేటర్ వదిలేయండి. అందరూ దిగండి. లాగే చక్రాల ముందు, వెనక, బండి కడుపు కింద ఇసుక తీసేయండి. మా దగ్గర ఉన్నది ఒక్కటే పార, మిగతావాళ్లం స్టీలు భోజనం ప్లేట్లతో తోడాం, నిజానికి ప్లేట్లే బాగా పనిచేశాయి. తర్వాత నాలుగు టైర్లూ 18కి దించండి, మరీ మెత్తని ఇసుకైతే 15కి. అంతకన్నా దించితే మలుపులో టైరు రిమ్ నుంచి ఊడొచ్చు. స్టీరింగ్ నేరుగా పెట్టి, వచ్చిన జాడలోనే రివర్స్‌లో వెనక్కి రండి, అక్కడ ఇసుక అప్పటికే అణిగి ఉంటుంది. ఫ్లోర్ మ్యాట్లు చక్రాల కింద దోపితే పట్టు దొరుకుతుంది కానీ అవి ఎగిరి తగుల్తాయి, ఆ వరసలో ఎవరూ నిలబడకూడదు.

అప్పటికీ రాకపోతే ఇంకో బండితో లాగించాలి. బండి కంపెనీ ఇచ్చిన టోయింగ్ హుక్‌కే తాడు కట్టండి, ట్రెయిలర్ తగిలించే ఆ గుండ్రటి బాల్‌కి మాత్రం వద్దు, అది తెగిందంటే ఫిరంగి గుండే. తాడు మధ్యలో దుప్పటి వేసి, మనుషులు తాడు పొడవుకు రెట్టింపు దూరం జరగాలి. మావాడొకడు వీడియో కోసం దగ్గరికొచ్చి నిలబడ్డాడు, వాణ్ని తిట్టి పంపేసరికే పది నిమిషాలు పట్టింది.

ఇసుక దాటాక మళ్లీ గాలి నింపకుండా తారు రోడ్డెక్కి స్పీడ్ పెంచకండి, తక్కువ గాలితో టైరు వేడెక్కి పేలిపోతుంది.

సమస్య: కంప్రెసర్ ఆన్ అవట్లేదు

టైర్లకు గాలి కొట్టడానికి ఆన్‌లైన్‌లో కొన్న చిన్న కంప్రెసర్ మూడో టైరుకి గుటుక్కుమంది. మెషిన్ పోయిందనుకున్నాం, పోయింది కారు ఫ్యూజు. సిగరెట్ లైటర్ సాకెట్ ఫ్యూజు అంతసేపు అంత కరెంటు మోయలేదు. ఫోన్ చార్జింగ్ కూడా ఆగిపోయిందా? అయితే అదే. ఆ సైజు ఫ్యూజులు ఓ నాలుగు డాష్‌బోర్డులో పడేసుకోండి. అసలు నేరుగా బ్యాటరీకి క్లిప్పులు తగిలించే రకం కొనడమే మంచిది, ఇంజిన్ ఆన్‌లో ఉంచి వాడండి.

సమస్య: తెల్లారేసరికి డాష్‌బోర్డులో టైర్ లైట్ వెలుగుతోంది

పంక్చర్ కాకపోవచ్చు. పగలు 30 డిగ్రీల ఎండలో 35 నింపితే, తెల్లవారుజామున 8 డిగ్రీల చలిలో అదే టైరు 31 చూపిస్తుంది. నాలుగూ ఒకేలా తగ్గితే చలి, ఒక్కటే తగ్గితే ముల్లు. మన సర్కారు తుమ్మే అక్కడా ఉంది, ఆ ముల్లు టైరులోంచి సూదిలా దిగుతుంది. స్టెప్నీ వేయడానికి జాకీ ఎత్తితే బండి లేవడం మానేసి జాకీ ఇసుకలో దిగింది. కింద మందపాటి చెక్క కావాలి. మేం చపాతీ పీట పెట్టాం, అది రెండు ముక్కలైంది. మీరు అడుగు పొడవు ప్లైవుడ్ ముక్క తీసుకెళ్లండి.

సమస్య: టెంట్ మేకులు ఊడొస్తున్నాయి

ఇసుకలో మేకు నిలవదు, ఎంత లోతు కొట్టినా. ఖాళీ బియ్యం సంచుల్లో ఇసుక నింపి, తాడు కట్టి, మోకాలి లోతున పాతిపెట్టండి. మొదటి రాత్రి గాలికి మా టెంట్ తుమ్మ కంపలోకి దొర్లింది. రెండో రాత్రి నుంచి సంచులే.

సమస్య: మ్యాప్‌లో దారి ఉంది, ఎదురుగా లేదు

గాలి దిబ్బల్ని జరుపుతుంది, పాత జాడలు పూడిపోతాయి. ఆఫ్‌లైన్ మ్యాప్ దించుకుని, వచ్చిన దారిని ఫోన్‌లో రికార్డ్ చేస్తూ వెళ్లండి. అడ్డదారి మాత్రం వెతక్కండి. అక్కడి డెజర్ట్ నేషనల్ పార్క్ 3,162 చదరపు కిలోమీటర్లు, అందులో దిబ్బలకన్నా రాతి నేల, గడ్డి మైదానమే ఎక్కువ. ఒకప్పుడు మన కర్నూలు వైపు రోళ్లపాడులో కనిపించిన బట్టమేక పిట్టకు (గ్రేట్ ఇండియన్ బస్టర్డ్) ఇప్పుడు పెద్ద దిక్కు ఆ నేలే. అది నేలమీదే ఒక్క గుడ్డు పెడుతుంది, చక్రం కిందపడితే అంతే. అందుకే లోపలికి అటవీ శాఖ అనుమతితో, ఉన్న దారిలోనే వెళ్లాలి. ఆఫ్‌రోడింగ్ సరదా, టెంట్ రెండూ బయట తీర్చుకోండి. సరిహద్దు వైపు ఊళ్లకు జిల్లా అధికారుల అనుమతి వేరే. సిగ్నల్ ఉండదని శాటిలైట్ ఫోన్ తెస్తానంటాడు ఒకడు, లైసెన్స్ లేకుండా మన దేశంలో అది నేరం, నేరుగా పోలీస్ స్టేషనే.

సమస్య: చలికాలమే కదా, తలనొప్పి ఎందుకు

పొడిగాలిలో చెమట కనబడకుండానే ఆరిపోతుంది, దాహం తెలియదు. మనిషికి రోజుకు ఐదు లీటర్లు లెక్కేసుకోండి, వంటకు వేరే. ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు తాగుతూ ఉండండి. సాక్సులకు అంటుకునే భురట్ అనే గడ్డి ముళ్ల గింజల్ని చేత్తో పీకితే వేలిలో దిగుతాయి, ప్లక్కర్ వాడండి. పొద్దున బూట్లు దులిపి వేసుకోండి, చిన్నపింజరి పాము ఉండే చోటు అది.

సమస్య: తిరిగొచ్చాక 80 దాటితే స్టీరింగ్ వణుకుతోంది, పికప్ లేదు

అలైన్‌మెంట్‌కి డబ్బులు పోయకముందు రిమ్ముల లోపలి వైపు చూడండి. అక్కడ ఇసుక పేరుకుంటే బ్యాలెన్స్ తప్పుతుంది, పైపు పెట్టి కడిగితే పోతుంది. పికప్‌కి ఎయిర్ ఫిల్టర్. మా గల్లీ మెకానిక్ నాది విప్పి నేలకేసి రెండుసార్లు తట్టాడు, దోసెడు పసుప్పచ్చ ఇసుక రాలింది. "ఎక్కడికి పోయిన్రన్నా?" అన్నాడు.