సమ్మె నోటీసు అందాక – 3వ పాఠం: వెయ్యి రూపాయల అసలు ఖరీదు

కిందటి పాఠంలో డిమాండ్ల పత్రాన్ని మూడు కుప్పలు చేశాం: కమిషనర్ సంతకంతో అయ్యేవి, కౌన్సిల్ తీర్మానం కావాల్సినవి, సర్కారు జీవో లేనిదే కదలనివి. ఈసారి లెక్కలు. క్యాలిక్యులేటర్ దగ్గర పెట్టుకోండి.

మున్సిపాలిటీలో 300 మంది పారిశుధ్య కార్మికులు ఉన్నారనుకుందాం. నెలకు వెయ్యి పెంచమంటున్నారు. చాలామంది 3 లక్షలని రాసుకుని చర్చలకు వెళ్లిపోతారు. పీఎఫ్ పూర్తి జీతం మీద కడుతుంటే, ఛార్జీలతో కలిపి యజమాని వైపు నుంచి 13 శాతం, అంటే 130. జీతం 21,000 దాటకపోతే ఈఎస్ఐ 3.25 శాతం, అంటే 32.50. మనిషికి 1,162.50 అయింది. అందరికీ కలిపి నెలకు 3,48,750, ఏడాదికి 41,85,000. కార్మికులను పంపే ఏజెన్సీ ఉంటే దాని కమీషన్ అదనం.

ఇప్పుడు రెండో కాగితం తీయండి. ఏ నెలలో ఎంత వసూలవుతుందో గత మూడేళ్ల లెక్క రాయండి. ఆస్తి పన్ను మార్చిలో ఉరికొస్తుంది. ఏప్రిల్‌లో 5 శాతం రాయితీ కోసం కొందరు ముందే కడతారు. వానాకాలం వచ్చేసరికి ఖాతా పలచబడటం నేను ఏటా చూసిందే. నేను అకౌంట్స్‌లో ఉన్నప్పుడు ఒక మున్సిపాలిటీలో పెద్దసారు మమ్మల్ని అడక్కుండానే కార్మికుల బకాయిలు దసరాకు ఇస్తామని మాటిచ్చేశారు. సంక్రాంతి దాటాక గానీ ఇవ్వలేకపోయాం. వద్దని నోట్ పెట్టాల్సింది నేనే, పెట్టలేదు. మరుసటి ఏడు మేం నిజమైన తేదీ చెప్పినా యూనియన్ వాళ్లు నవ్వారు.

తేదీల సంగతి వాళ్లకు మనకంటే బాగా తెలుసు. పారిశుధ్యం లాంటి సేవల్లో సమ్మెకు 14 రోజుల నోటీసు 1947 పారిశ్రామిక వివాదాల చట్టం నుంచీ ఉన్నదే, 2020 పారిశ్రామిక సంబంధాల కోడ్‌లోనూ అంతే. బతుకమ్మ మొదటి రోజైన ఎంగిలిపూలకు సరిగ్గా వారం ముందు నోటీసు అందిందా, లెక్కేయండి: సమ్మెకు దిగగల 15వ రోజు, పండుగ ఆఖరి రోజైన సద్దుల బతుకమ్మ. జనం బతుకమ్మ ఆడే హన్మకొండ పద్మాక్షి గుట్ట దగ్గర మర్నాడు పొద్దున ఎవరు ఊడుస్తారో ఆలోచించండి.

డబ్బుల్లేనప్పుడు చిన్న డిమాండ్లను చిన్నచూపు చూడకండి. సబ్బులు, కొబ్బరినూనె, చెప్పులు, గ్లౌజులు ఎన్ని నెలలుగా ఇవ్వలేదో స్టోర్ రిజిస్టర్‌లో చూడండి. జీతంలో కోసిన పీఎఫ్ ఖాతాలో పడిందో లేదో అంతకంటే ముందు చూడండి. అది పడకపోతే, జీతం పెంచే స్తోమత లేదని మీరు చెప్పే మాట ఒక్కరూ వినరు. వినకూడదు కూడా.

అభ్యాసం: 180 మంది, 750 పెంపు. నెలకు, ఏడాదికి అయ్యే ఖర్చు కట్టండి. బకాయిలను రెండు విడతలుగా ఏ నెలల్లో ఇవ్వగలరో మీ వసూళ్ల కాగితం చూసి రాయండి. రాశాక దాన్ని మీ అకౌంట్స్ గుమాస్తాకు చూపించండి. ఆయన తల అడ్డంగా ఊపితే తేదీ మార్చి రాయండి.