టెక్సస్ గ్రామీణ కౌంటీ మీటింగ్‌లో మన ఫిర్యాదు ఎక్కడ ఆగిపోతోంది: సమస్య - పరిష్కారం

డాలస్, హ్యూస్టన్ శివార్లు దాటి ఐదో పదో ఎకరాలు కొనుక్కుంటున్న తెలుగువాళ్లకు మొదట ఎదురయ్యే ప్రభుత్వం సిటీ కాదు, కౌంటీ. టెక్సస్‌లో 254 కౌంటీలున్నాయి. ప్రతిదాన్నీ నడిపేది కమిషనర్స్ కోర్ట్: ఒక కౌంటీ జడ్జి, నాలుగు ప్రీసింక్ట్‌ల (కౌంటీని విభజించిన భాగాల) నుంచి నలుగురు కమిషనర్లు, మొత్తం ఐదుగురు. పేరులో కోర్ట్ ఉన్నా ఇక్కడ జరిగేది కేసుల విచారణ కాదు. మన జిల్లా పరిషత్ సమావేశంలాగా బడ్జెట్, రోడ్లు, బిల్లుల చెల్లింపులు, కాంట్రాక్టుల మీద ఓటు వేసే సభ.

ఇక్కడికి వెళ్లి నిరాశతో తిరిగొచ్చేవాళ్ల విషయంలో లోపం దాదాపు ఎప్పుడూ రెండు చోట్లే ఉంటుంది. అడిగిన విషయం ఆ రోజు అజెండాలో లేకపోవడం ఒకటి, అడిగిన పని చేసే అధికారం కౌంటీకి లేకపోవడం రెండోది. ఇంటి నుంచి బయల్దేరే ముందే ఈ రెండూ చూసుకోవాలి.

"మూడు నిమిషాలు మాట్లాడాను, ఒక్కరూ జవాబు చెప్పలేదు"

కారణం: మీ విషయం అజెండాలో లేదు. రాష్ట్ర ఓపెన్ మీటింగ్స్ చట్టం ప్రకారం అజెండాలో లేని విషయం మీద సభ్యులు చర్చించకూడదు, నిర్ణయం తీసుకోకూడదు. ఎవరైనా అడిగితే వాళ్లు చేయగలిగినవి మూడే: ఉన్న వాస్తవం చెప్పడం, ఇప్పటికే ఉన్న విధానం ఏమిటో చదివి వినిపించడం, వచ్చే మీటింగ్ అజెండాలో పెడదామనడం. ఆ మౌనం చాలాసార్లు నిర్లక్ష్యం కాదు, చట్టం పెట్టిన హద్దు.

పరిష్కారం: విషయాన్ని అజెండాలోకి ఎక్కించాలి.

1. మీ ఇల్లు ఏ ప్రీసింక్ట్‌లో ఉందో కౌంటీ వెబ్‌సైట్‌లోని మ్యాప్‌లో చూసుకోండి. మీ ఓటరు కార్డు మీద కూడా కమిషనర్ ప్రీసింక్ట్ నంబరు ఉంటుంది.
2. ముందు ఆ కమిషనర్ ఆఫీసుకు ఫోన్ చేయండి. గ్రామీణ కౌంటీల్లో చాలా పనులు ఈ ఫోన్‌తోనే తేలిపోతాయి, మీటింగ్ దాకా రానవసరం ఉండదు.
3. తేలకపోతే అజెండాలో పెట్టమని ఆయన్ని గానీ కౌంటీ జడ్జి ఆఫీసును గానీ అడగండి. చాలా కౌంటీల్లో దీనికి ఒక పేజీ ఫారం ఉంటుంది.
4. గడువు తప్పకుండా కనుక్కోండి. 2025 సెప్టెంబరు నుంచి మీటింగ్ నోటీసు కనీసం మూడు పనిదినాల ముందు పెట్టాలి. అంతకు ముందు 72 గంటల లెక్క ఉండేది, దాంట్లో శని ఆదివారాలు కూడా కలిసిపోయేవి. ఇప్పుడు మంగళవారం మీటింగ్ ఉంటే ముందు వారం మధ్యకే అజెండా మూసేస్తారు. ఆఫీసు సొంత గడువు ఇంకా ముందే ఉండొచ్చు.
5. వాక్యం ఎలా రాశారో చూడండి. "ఫలానా కౌంటీ రోడ్డు మీద వేగ పరిమితి గురించి చర్చ" అని మాత్రమే ఉంటే చర్చతోనే ముగిసే ప్రమాదం ఉంది. "చర్చ, అవసరమైతే నిర్ణయం" అని ఉండాలి. రోడ్డు నంబరు, ఏ క్రాసింగ్ నుంచి ఏ క్రాసింగ్ దాకా అన్నదీ అందులోనే ఉండాలి.

మీటింగ్‌కు ఎనిమిది సెట్ల కాగితాలు తీసుకెళ్లండి: ఐదుగురు సభ్యులకు, క్లర్క్‌కు, కౌంటీ అటార్నీకి, ఒకటి మీకు. ఒక మ్యాప్, రెండు మూడు ఫోటోలు, మీరు కోరుతున్నది ఒకే వాక్యంలో. పది పేజీలు ఇస్తే మొదటిది కూడా చదవరు.

"అజెండాలో ఉంది, నేనూ వెళ్లాను, కానీ మాట్లాడే అవకాశం రాలేదు"

కారణం సాధారణంగా రెండింట్లో ఒకటి. మీటింగ్ మొదలవకముందే మాట్లాడతానని స్లిప్ రాసి క్లర్క్‌కు ఇవ్వాల్సిన చోట ఇవ్వకపోవడం ఒకటి. మీ విషయం కన్సెంట్ అజెండాలో ఉండటం రెండోది. పాత మీటింగ్ మినిట్స్, బిల్లులు, ట్రెజరర్ రిపోర్టు, బడ్జెట్ పద్దుల మార్పుల్లాంటి మామూలు పనులన్నీ అందులో ఒక మూటగా కట్టి ఒకే ఓటుతో ఆమోదిస్తారు. మీరు కుర్చీలో సర్దుకునేలోపే అది అయిపోతుంది.

పరిష్కారం: పావుగంట ముందు వెళ్లి స్లిప్ మీద అజెండా ఐటెం నంబరు రాసివ్వండి. కన్సెంట్‌లో ఉన్నదాని మీద మాట్లాడాలంటే ముందు రోజే మీ కమిషనర్‌కు చెప్పండి. ఆయన అడిగితే దాన్ని విడిగా తీసి చర్చకు పెడతారు.

అజెండాలో ఉన్న ప్రతి విషయం మీదా, సభ దాన్ని తేల్చకముందు, మాట్లాడాలనుకున్న ప్రతి ఒక్కరికీ అవకాశమివ్వాలని 2019 నుంచి చట్టం ఉంది. సమయం పరిమితం చేయొచ్చు కానీ పూర్తిగా ఆపకూడదు. కౌంటీ పనితీరును విమర్శిస్తున్నారన్న కారణంతోనూ ఆపకూడదు. అజెండాలో లేని విషయాలకు మాత్రం ఈ హక్కు వర్తించదు. అక్కడ మాట్లాడనివ్వడం ఆ సభ ఇష్టం.

తెలుగులో తప్ప మాట్లాడలేని పెద్దవాళ్లు తెలుసుకోవాల్సింది ఒకటుంది. అనువాదకుడి ద్వారా మాట్లాడేవారికి మామూలుగా ఇచ్చేదానికి కనీసం రెట్టింపు సమయం ఇవ్వాలని అదే చట్టం చెబుతోంది. మూడు నిమిషాల నియమం ఉంటే ఆరు నిమిషాలు. అప్పటికప్పుడు చెవిలో వినిపించే అనువాద పరికరాలు సభ వాడితే ఈ రెట్టింపు ఉండదు. చిన్న కౌంటీల్లో అలాంటివి అరుదు. స్లిప్ మీదే "అనువాదకుడితో" అని రాయండి. ఇంట్లో పిల్లలు పక్కన నిలబడి చెబితే చాలు, కానీ పెద్దాయన మాటను పెద్దాయననే చెప్పనివ్వండి. వాన పడితే నీళ్లు ఎటు పోతాయో ఇరవై ఏళ్ల పిల్లాడి కంటే ఆయనకే బాగా తెలుసు.

"రోడ్డంతా గుంతలు, ఎన్నిసార్లు చెప్పినా రావడం లేదు"

ఎక్కువమంది వచ్చేది దీనికోసమే, ఎక్కువ పొరపాట్లు జరిగేదీ ఇక్కడే. ముందు ఆ రోడ్డు ఎవరిదో తేల్చాలి. బోర్డు మీద ఎఫ్ఎం (ఫార్మ్ టు మార్కెట్ రోడ్డు) అనో స్టేట్ హైవే అనో ఉంటే అది రాష్ట్ర రవాణా శాఖ టెక్స్‌డాట్‌ది, కౌంటీ కంకర కూడా పోయదు. కౌంటీ రోడ్డు నంబరు ఉంటే చాలావరకు కౌంటీదే. సిటీ హద్దు లోపలికి వెళ్తే సిటీది. నాలుగోది ప్రైవేటు రోడ్డు, అసలు చిక్కంతా దానితోనే.

పెద్ద రాంచ్‌ను ముక్కలు చేసి అమ్మినప్పుడు డెవలపర్ రోడ్డు వేసి ప్లాట్ మ్యాప్ మీద గీసినంత మాత్రాన అది కౌంటీది అయిపోదు. నిర్వహణ కోసం కమిషనర్స్ కోర్ట్ విడిగా ఆమోదించాలి. ఆ ఆమోదం లేకపోతే ఇళ్ల ముందు రోడ్డు మరమ్మతు ఖర్చు ఇళ్లవాళ్లదే. ప్రజల సొమ్మును ప్రైవేటు ఆస్తి మీద ఖర్చు పెట్టడాన్ని రాష్ట్ర రాజ్యాంగమే ఆపుతోంది కాబట్టి కమిషనర్ మంచివాడైనా చేయలేడు. కౌంటీ క్లర్క్ ఆఫీసులో మీ సబ్‌డివిజన్ ప్లాట్ తీసి కింద ఉన్న నోట్స్ చదవండి. "రోడ్ల నిర్వహణ యజమానులదే" అన్న వాక్యం ఉందేమో చూడండి. స్థలం కొనకముందే చూస్తే మరీ మంచిది.

ప్రైవేటు రోడ్డే అయితే దారులు రెండు. ఇళ్లవాళ్లందరూ కలిసి కౌంటీ ప్రమాణాలకు తగ్గట్టు రోడ్డు బాగుచేయించి, తీసుకోమని అడగడం ఒకటి. కౌంటీ బాగుచేసి ఆ ఖర్చును యజమానుల మీద పంచే పద్ధతి రెండోది. దానికి చట్టంలో చోటుంది, బహిరంగ విచారణ, యజమానుల ఓటు కావాలి. కౌంటీ రోడ్లు, ఇంజనీరింగ్ విభాగాన్ని అడిగితే వెడల్పు, బేస్ మందం, డ్రైనేజీ ప్రమాణాలున్న కాగితం ఇస్తారు. కాంట్రాక్టర్‌తో మాట్లాడేది ఆ కాగితం చేతికి వచ్చాకే.

కౌంటీ రోడ్డే అయితే ఫిర్యాదు ఇలా ఉండాలి: రోడ్డు నంబరు, దగ్గరి క్రాసింగ్, అక్కడి నుంచి ఎన్ని అడుగుల దూరం, గుంత ఎంత పొడవు ఎంత లోతు, పక్కన టేపు పెట్టి తీసిన ఫోటో, స్కూల్ బస్సు ఆ దారిన వెళ్తుందా లేదా. ఫోన్‌లో చెప్పినా అదే రోజు ఈమెయిల్ కూడా పెట్టండి, తేదీ రికార్డులో ఉంటుంది.

పోసిన కంకర రెండు నెలల్లో మళ్లీ కొట్టుకుపోతోందంటే లోపం కంకరలో కాదు, నీటిలో. పక్క కాలువ పూడిపోయి ఉంటుంది, లేదా ఎవరో డ్రైవ్‌వే కింద కల్వర్ట్ పైపు లేకుండానో చిన్నది వేసో నీళ్లను రోడ్డు మీదికి మళ్లించి ఉంటారు. అప్పుడు "కంకర పోయండి" అని కాక "కాలువ తీయించండి, ఫలానా చోట కల్వర్ట్ చూడండి" అని అడగాలి. మీ సొంత డ్రైవ్‌వే విషయంలోనూ ఇదే జాగ్రత్త. కౌంటీ రోడ్డు మీదికైతే కౌంటీని, ఎఫ్ఎం రోడ్డు మీదికైతే టెక్స్‌డాట్‌ను ముందు అడిగి, వాళ్లు చెప్పిన సైజు పైపే వేయండి.

వేగ పరిమితి తగ్గించాలంటే మాత్రం కమిషనర్స్ కోర్ట్ ఆర్డర్ కావాలి. ఇది ఫోన్‌తో అయ్యే పని కాదు, అజెండా పని.

"పక్క స్థలంలో కాంక్రీట్ ప్లాంట్ వస్తోంది, మా చేతుల్లో లేదంటున్నారు"

బాధాకరమైన మాటే, కానీ చాలావరకు నిజం. టెక్సస్‌లో కొన్ని ప్రత్యేక ప్రాంతాలు తప్ప కౌంటీలకు జోనింగ్ అధికారం లేదు. ఇక్కడ ఇల్లు ఉండాలి, అక్కడ ఫ్యాక్టరీ ఉండకూడదు అని చెప్పే హక్కు సిటీలకుంది, కౌంటీకి లేదు. నూట యాభై మంది వచ్చి హాలు నిండినా ఐదుగురు తల ఊపడం తప్ప చేయలేరు.

కాబట్టి అధికారం ఉన్నచోటికి వెళ్లాలి. కాంక్రీట్ బ్యాచ్ ప్లాంట్‌కు గాలి కాలుష్యం పర్మిట్ ఇచ్చేది రాష్ట్ర పర్యావరణ సంస్థ టీసీఈక్యూ. ప్లాంట్ నుంచి 440 గజాలలోపు, అంటే పావు మైలు లోపు, శాశ్వత నివాసం ఉన్నవారికి విచారణ కోరే హక్కు ఉంది. పత్రికలో వచ్చే నోటీసులో గడువు ఉంటుంది. ఆలోపు రాతపూర్వకంగా, మీ ఇంటికీ ప్లాంట్‌కూ మధ్య దూరం రాసి పంపండి. గడువు దాటాక ఎంత బలమైన వాదనైనా చెల్లదు.

కౌంటీ చేతిలో ఉన్నవి కూడా కొన్ని ఉన్నాయి: వరద ముంపు ప్రాంతపు పర్మిట్లు, సెప్టిక్ పర్మిట్లు, సబ్‌డివిజన్ ప్లాట్ ఆమోదం, భారీ లారీల వల్ల రోడ్డు పాడైతే కంపెనీతో ఒప్పందం. వీటికి మించినది పన్ను రాయితీ. సోలార్, బ్యాటరీ కంపెనీల్లాంటివి కౌంటీ పన్నులో మినహాయింపు అడుగుతాయి. ఆ ఒప్పందం మీద చర్చించే మీటింగ్‌కు 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. కౌంటీకి కాదనే అధికారం పూర్తిగా ఉన్న సందర్భం ఇదే. ప్రజలు బలంగా మాట్లాడాల్సింది ఆ రోజు.

"పన్ను పెరిగిందని అడిగితే మాకు సంబంధం లేదన్నారు"

మీ భూమి విలువ కట్టేది అప్రైజల్ డిస్ట్రిక్ట్, కమిషనర్లు కాదు. విలువ ఎక్కువనిపిస్తే మే 15 లోపు, లేదా నోటీసు పంపిన 30 రోజుల్లోపు, ఏది తర్వాతైతే అదిలోపు అక్కడ ప్రొటెస్ట్ వేయాలి. కమిషనర్లు నిర్ణయించేది కౌంటీ పన్ను రేటు. అది ఆగస్టు, సెప్టెంబరు మీటింగ్‌లలో జరుగుతుంది. మామూలు పనులకు ముగ్గురుంటే కోరం, పన్ను విధించడానికి మాత్రం నలుగురు ఉండాల్సిందే. బిల్లులో పెద్ద వాటా స్కూల్ డిస్ట్రిక్ట్‌దై ఉంటుంది కాబట్టి ఏ గీత ఎవరిదో చూసుకుని వెళ్లండి.

ఏజీ వాల్యుయేషన్ (సాగు భూమిగా తక్కువ విలువ కట్టి పన్ను వేసే పద్ధతి) ఉన్న స్థలం కొన్నవాళ్లు తరచూ తప్పే చోటు ఒకటుంది: యజమాని మారితే కొత్తవారు కొత్తగా దరఖాస్తు పెట్టాలి, ఏప్రిల్ 30 లోపు. పాతాయనది అలాగే కొనసాగుతుందనుకుంటే ఆ ఏడాది మార్కెట్ విలువ మీద బిల్లు వస్తుంది. కొంత భూమిని సాగు నుంచి తప్పించి వేరే పనికి వాడితే, ఆ మేరకు వెనక్కి మూడేళ్ల తేడా పన్ను పడొచ్చు.

"భోగి మంట వేస్తే ఫైరింజన్ వచ్చింది"

బర్న్ బ్యాన్, అంటే ఆరుబయట మంటలు వేయకూడదన్న నిషేధం, అమల్లో ఉండి ఉంటుంది. కరవు పరిస్థితుల్లో కమిషనర్స్ కోర్ట్ ఆర్డర్‌తో ఇది వస్తుంది. ఒక్కో ఆర్డర్ 90 రోజులకు మించదు, కానీ మళ్లీ వేయొచ్చు. ఉల్లంఘిస్తే 500 డాలర్ల దాకా జరిమానా. పండగ ముందు రోజు కౌంటీ వెబ్‌సైట్‌లో చూడండి. హోమానికీ, చిన్న మంటకూ మినహాయింపు ఉందో లేదో ఆ ఆర్డర్‌లోనే రాసి ఉంటుంది, ఊహించుకోవద్దు. బ్యాన్ లేకపోయినా మంట వేసే ముందు షెరిఫ్ ఆఫీసు ఎమర్జెన్సీ కాని నంబరుకు చిరునామా, సమయం చెప్పండి. తెల్లవారుజామున దూరం నుంచి మంట చూసి ఎవరో 911కు ఫోన్ చేయడం సహజం. పాత టైర్లు, ప్లాస్టిక్, రంగు వేసిన చెక్క మాత్రం ఎప్పుడూ వేయకూడదు.

"ఐదుగురికీ కలిపి ఈమెయిల్ పెట్టాను, జవాబు లేదు"

ముగ్గురు కలిసి ఈమెయిల్‌లో చర్చించుకున్నా అది నోటీసు లేని రహస్య మీటింగ్ అయిపోతుందని వాళ్ల భయం, ఆ భయం సరైనదే. ఒక్కొక్కరికీ విడిగా పంపండి.

"తలుపులు మూసి ఏం చేశారో తెలియలేదు"

లాయరుతో సంప్రదింపు, భూమి కొనుగోలు, ఉద్యోగుల వ్యవహారం, భద్రత లాంటి కొన్నింటికి మూసిన గదిలో మాట్లాడుకోవచ్చు. ఓటు మాత్రం బయట, అందరి ముందు వేయాలి. గదిలోంచి వచ్చేదాకా ఆగండి, చాలామంది అప్పటికే వెళ్లిపోతారు.

మీటింగ్‌ను సొంత ఫోన్‌లో రికార్డ్ చేసుకునే హక్కు మీకుంది. జనాభా 1,25,000 కంటే తక్కువ ఉన్న కౌంటీ మీటింగ్ వీడియో తీసి ఇంటర్నెట్‌లో పెట్టాల్సిన పని లేదు కాబట్టి గ్రామీణ కౌంటీల్లో మీ రికార్డింగే దిక్కు కావచ్చు. కాగితాలు కావాలంటే పబ్లిక్ ఇన్ఫర్మేషన్ చట్టం కింద రాసి అడగండి. పది పనిదినాల్లో ఇవ్వలేకపోతే ఎప్పుడిస్తారో రాతపూర్వకంగా చెప్పాలి. ఈ చట్టం ఉన్న కాగితాలు ఇప్పిస్తుంది, ప్రశ్నలకు జవాబులు ఇప్పించదు. "మా రోడ్డుకు ఎందుకు డబ్బు పెట్టలేదు" అని రాస్తే ఏమీ రాదు. "ఫలానా ప్రీసింక్ట్‌లో 2025 జనవరి 1 నుంచి డిసెంబరు 31 దాకా కొన్న కంకర బిల్లులు, ఏ రోడ్డు మీద పోశారో చూపే పని రికార్డులు" అని రాస్తే కవరు వస్తుంది.