ఫార్వర్డ్ మెసేజ్ నిజమా, కాదా? 4వ పాఠం: ఆ 300 దేని లెక్క?

పోయిన పాఠంలో దీపావళి మతాబుల మీద వచ్చిన ఒక ఫార్వర్డ్ మెసేజ్ ఇచ్చి, నిజమో కాదో తేల్చమన్నాను. మీ జవాబులు చదివాను. టెక్కలి నుంచి బొబ్బిలి దాకా అందరూ ఒక్కచోటే ఆగిపోయారు.

మెసేజ్ మళ్ళీ చూడండి. పైన పెద్ద పేలుడు వీడియో. కింద, "యుద్ధంలో ఇన్ని బాంబులు పడితే రాని కాలుష్యం మన మతాబులకే వస్తుందా? మన శ్రీకాకుళంలో నిన్న రాత్రి 300 అట!" అని రాత. వీడియో 2020 ఆగస్టు 4న బీరూట్ ఓడరేవులో అమ్మోనియం నైట్రేట్ పేలినప్పటిదని చక్కగా పట్టుకున్నారు. ఆ వెంటనే "మొత్తం అబద్ధం" అని తేల్చేశారు. అలా కుదరదు. వీడియో తప్పైతే వీడియో ఒక్కటే తప్పు, కింది మాటలు ఇంకా తేలలేదు.

నేనైతే మెసేజ్‌ని కాగితం మీద ముక్కలు ముక్కలుగా రాసుకుంటాను. ఫోన్‌లోనే చూస్తే ఏదో ఒకటి జారిపోతుంది. "యుద్ధంతో కాలుష్యం రాదు" అన్నది ఒక ముక్క. అది తప్పు. 1991లో ఇరాక్ సైన్యం కువైట్ నుంచి వెనక్కి పోతూ 600కు పైగా చమురు బావులకు నిప్పు పెట్టింది. అన్నీ ఆరేసరికి నవంబరు వచ్చింది. ఆ పొగని శాస్త్రవేత్తలు విమానాల్లో తిరిగి మరీ కొలిచారు. అయితే కువైట్ పొగని బట్టి మన శ్రీకాకుళం ఏడురోడ్ల కూడలి గాలి ఎలా ఉందో తెలియదు.

ఇక 300. నాకు ఒళ్ళు మండేది ఇక్కడే. 300 ఏమిటి? గాలి నాణ్యత సూచీ, అంటే ఏక్యూఐ, సన్నధూళి వల్ల 300కి చేరిందంటే, మన దేశపు లెక్కలో ఘనపు మీటరు గాలికి పీఎం 2.5 ధూళి (2.5 మైక్రోమీటర్లు, అంతకన్నా సన్నని రేణువులు) 120 మైక్రోగ్రాములు. అదే 300 మైక్రోగ్రాములైతే సూచీ 400 దాటి "తీవ్రం" అవుతుంది. కొన్ని యాప్‌లు అమెరికా లెక్క చూపిస్తాయి. ధూళి 60 మైక్రోగ్రాములు ఉంటే మన సూచీ 100, వాళ్ళది 150 దాటి ఎరుపు రంగు, అంటే "అనారోగ్యకరం". గాలి మాత్రం అదే!

ఆ 60 మన దేశంలో 24 గంటల సగటుకి పెట్టిన పరిమితి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పినది 15. దీపావళి రాత్రి 9 గంటల రీడింగ్ ఒక్కటి తీసి ఈ పరిమితులతో పోల్చి "ఇన్ని రెట్లు" అనడం దగా. రోజంతటి సగటు చూపించి "ఏమీ కాలేదు" అనడమూ దగానే. ఉబ్బసం ఉన్న పిల్ల ఆ గంట గాలినీ పీల్చింది కదా. ఇంతకీ ఆ అంకె ఏ ఊరి యంత్రానిది? విశాఖ రీడింగ్ శ్రీకాకుళానికి చెల్లదు.

తారాజువ్వలు ఓజోన్ పొరకి చిల్లు పెడతాయా అని అడిగినవాళ్ళకి: ఆ పొర చాలావరకు 15 కిలోమీటర్ల పైన ఉంటుంది. అవి దానికి చిల్లు పెట్టవు.

అభ్యాసం: కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి సైట్‌లో విశాఖ కేంద్రం పీఎం 2.5 రీడింగులు గంటగంటకీ రాయండి. ఇది విశాఖ గాలి లెక్కే, శ్రీకాకుళానిది కాదు. దీపావళికి రెండు రోజుల ముందు సాయంత్రం 6కి మొదలుపెట్టి నాగులచవితి మర్నాటి ఉదయం దాకా. మన వైపు చవితికీ కాలుస్తారు కాబట్టి మధ్యలో ఆపొద్దు. వాన, గాలి వివరం పక్కనే ఉండాలి. రీడింగ్ రాని గంటని ఖాళీగా వదలండి, పక్క అంకెతో నింపొద్దు.