పాత గార్డెన్ ట్రాక్టర్‌లో థ్రోటిల్ లివర్ నిలవకుండా జారిపోతుంటే

థ్రోటిల్ లివర్ అంటే ఇంజిన్ వేగం పెంచి తగ్గించే పిడి; దాని పక్కన కుందేలు బొమ్మ వేగానికి, తాబేలు బొమ్మ నిదానానికి గుర్తు. లివర్‌ను కుందేలు బొమ్మ దాకా నెట్టి చెయ్యి తీస్తాం. రెండు వరుసలు గడ్డి కోసేసరికి అది మెల్లగా తాబేలు వైపు దిగిపోతుంది. ఇంజిన్ శబ్దం బరువెక్కుతుంది, బ్లేడు వేగం తగ్గి గడ్డి తెగకుండా వంగి పడుకుంటుంది. ఇక ఒక చెయ్యి స్టీరింగ్ మీద, ఇంకో చెయ్యి లివర్ మీద పెట్టుకుని నడపాల్సిందే.

చాలామంది దీనికి అలవాటు పడిపోతారు. దయచేసి అలవాటు పడకండి. ఈ బండ్లలో ఎక్కువ భాగం గాలితో చల్లబడే ఇంజిన్లు. ఫ్లైవీల్ మీదున్న రెక్కలే సిలిండర్ మీదికి గాలి తోలతాయి. ఇంజిన్ వేగం తగ్గితే ఆ గాలి కూడా తగ్గుతుంది, బ్లేడు లోడు మాత్రం అలాగే ఉంటుంది. గంటల తరబడి అలా నడిస్తే ఇంజిన్ వేడెక్కి అరిగిపోతుంది. అందుకే గడ్డి కోసేటప్పుడు ఫుల్ థ్రోటిల్‌లో ఉంచమంటారు.

ముందు తప్పు ఎక్కడుందో తేల్చుకోండి

లివర్ జారుతోంది అనగానే అందరం స్పానర్ తీసి దాని నట్టు బిగించేస్తాం. నేనూ మొదట అదే చేశాను. వారం తిరక్కముందే మళ్లీ జారింది, ఇంకా బిగించాను, చివరికి ప్లాస్టిక్ పిడి దగ్గర పగులు వచ్చింది. విప్పి చూస్తే నట్టు తప్పేమీ లేదు. లోపలి వాషర్ నూనెలో నాని నున్నగా అయిపోయింది.

పని మొదలుపెట్టే ముందు ఇంజిన్ చల్లారనివ్వండి. తాళం చెవి తీసేసి, స్పార్క్ ప్లగ్ వైరు ఊడదీసి దూరంగా పెట్టండి. తర్వాత ఇంజిన్ దగ్గర కేబుల్‌ను పట్టి ఉంచే క్లాంపు వదులు చేసి, లోపలి తీగను దాని కొక్కెం నుంచి తప్పించండి. ఇప్పుడు లివర్‌కీ ఇంజిన్‌కీ సంబంధం లేదు. లివర్‌ను ముందుకీ వెనక్కీ కదిపి చూడండి.

చిటికెన వేలితో తోస్తే ఊగిపోతోందా? అయితే లివర్ ఇరుసు దగ్గర పట్టు పోయింది. ఎక్కువగా ఉండే జబ్బు ఇదే.

లివర్ గట్టిగా, హాయిగా నిలుస్తోందా? అయితే దాన్ని ముట్టుకోకండి. క్లాంపు దగ్గరో, గవర్నర్ (ఇంజిన్ వేగాన్ని అదుపులో ఉంచే భాగం) స్ప్రింగ్ దగ్గరో చూడాలి.

లివర్ బిర్రుగా, గరగరమంటూ కదులుతోందా? కేబుల్ లోపల తుప్పు పట్టింది, లేదా తీగ ఎక్కడో మడత పడింది. బిర్రుగా ఉన్న కేబుల్‌ను రోజూ బలంగా తోయడం వల్లే చాలా లివర్లు లూజవుతాయి. ఇక్కడ ఇరుసు బిగించి ప్రయోజనం లేదు, కేబుల్ మార్చాలి. కొత్తది కొనేముందు పై తొడుగు పొడవు, లోపలి తీగ పొడవు, లివర్ ఈ చివర నుంచి ఆ చివరకు వెళ్లినప్పుడు తీగ ఎంత కదులుతుందో, మూడూ కొలిచి రాసుకోండి.

ఇరుసు దగ్గర పట్టు పోతే

లివర్ తనంతట తాను నిలబడేది రాపిడి వల్లే. ఇంజిన్ వైపు గవర్నర్ స్ప్రింగ్ దాన్ని ఎప్పుడూ నిదానం వైపు లాగుతూనే ఉంటుంది. బండి అదురు ఆ లాగుడికి తోడవుతుంది. ఈ రెండింటినీ ఆపేది లివర్‌కు అటూ ఇటూ ఉన్న రాపిడి వాషర్లు, వాటిని నొక్కి పట్టే స్ప్రింగ్ వాషర్. ఆ స్ప్రింగ్ వాషర్ కొన్నింట్లో అలలా వంకరగా, కొన్నింట్లో లోతు తక్కువ గిన్నెలా ఉంటుంది.

డ్యాష్‌బోర్డు వెనక నుంచి విప్పేటప్పుడు ఒక్కో ముక్కను తీసిన వరుసలోనే గుడ్డ మీద పేర్చండి, ఒక ఫొటో తీసుకోండి. రాపిడి వాషర్ మీద దుమ్ము, నూనె కలిసిన నల్లటి జిగురు కనిపిస్తే పెట్రోల్ కాకుండా బ్రేక్ క్లీనర్‌తో తుడవండి. అద్దంలా మెరుస్తుంటే గరుకు కాగితం మీద నాలుగు సార్లు రుద్దండి. పల్చబడి ఉంటే మార్చండి. సరైనది దొరక్కపోతే పాత తోలు బెల్టు నుంచి కత్తిరించిన వాషర్ బాగా పనిచేస్తుంది. రబ్బరు మాత్రం వద్దు, అది అంటుకుని లివర్‌ను కుదుపులతో కదిలేలా చేస్తుంది. అలల వాషర్ చదునుగా అయిపోతే దానిలో బలం పోయినట్టే, కొత్తది వేయండి.

నట్టు విషయానికొస్తే, లోపల నైలాన్ రింగు ఉండే లాక్ నట్టు వేయండి. పాతది చేత్తో తిరిగిపోతుంటే దాని పని అయిపోయింది. నట్లు ఊడకుండా వేసే జిగురును ప్లాస్టిక్ లివర్ దగ్గర వాడకండి, కొన్ని ప్లాస్టిక్‌లు దానికి పగులుతాయి. బిగించేటప్పుడు పావు చుట్టు తిప్పడం, లివర్ కదిపి చూడడం, మళ్లీ పావు చుట్టు. రెండు వేళ్లతో తోస్తే కదలాలి, వదిలేస్తే అక్కడే ఉండాలి. ఇరుసుకు నూనె చుక్క కూడా వేయకండి.

నట్టు బదులు రివిట్ ఉంటే దాన్ని డ్రిల్‌తో తీసేసి అదే లావు బోల్టు వేయవచ్చు. బోల్టు తల కింద మామూలు వాషర్, తర్వాత బ్రాకెట్, రాపిడి వాషర్, లివర్, మళ్లీ రాపిడి వాషర్, స్ప్రింగ్ వాషర్, మామూలు వాషర్, చివర లాక్ నట్టు. లివర్ రంధ్రం కోడిగుడ్డు ఆకారంలో సాగిపోయి ఉంటే ఎంత బిగించినా నిలవదు. దానిలో బుష్ (రంధ్రంలో దిగే చిన్న గొట్టం లాంటి ముక్క) వేయించాలి, లేదా లివర్ మార్చాలి.

లివర్ కదలకపోయినా ఇంజిన్ వేగం పడిపోతుంటే

ఇది క్లాంపు పని. కేబుల్ పై తొడుగు క్లాంపు కింద జారిపోతోంది. లివర్ కుందేలు దగ్గరే ఉంటుంది, తీగ మాత్రం వెనక్కి వెళ్లిపోతుంది. తొడుగు మీద క్లాంపు గీరిన మెరుపు గీత కనిపిస్తే అనుమానం అక్కర్లేదు.

తీగను మళ్లీ కొక్కేనికి తగిలించి, లివర్‌ను వేగం చివరకు నెట్టండి. ఇంజిన్ దగ్గరి కంట్రోల్ చేతిని (తీగ లాగితే కదిలే రేకు) కూడా దాని వేగం చివరకు తెచ్చి, తొడుగును కాస్త లాగి పట్టి, క్లాంపు స్క్రూ బిగించండి. చోక్ (చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేయడానికి గాలి తగ్గించే రేకు) కూడా ఇదే లివర్‌లో ఉంటే, వేగం చివర అంటే చోక్‌కు ముందున్న స్థానం. చాలా ఇంజిన్లలో ప్లేటుకీ ఆ చేతికీ ఒక్కో రంధ్రం ఉంటుంది, రెండూ ఎదురెదురుగా వచ్చేలా సన్నటి డ్రిల్ బిట్ గుచ్చి బిగిస్తే కొలత సరిపోతుంది.

ఇక గవర్నర్ స్ప్రింగ్. ఎవరైనా కార్బురేటర్ విప్పి బిగించాకే ఈ జబ్బు మొదలైందంటే, స్ప్రింగ్ వేరే రంధ్రంలో తగిలించి ఉండొచ్చు. సరైన రంధ్రం ఏదో మీ ఇంజిన్ మాన్యువల్ చూసి మార్చండి. స్ప్రింగ్ సాగదీయడం, గవర్నర్ చేతిని వంచడం మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ చేయకండి. ఈ తరహా చాలా ఇంజిన్ల గరిష్ఠ వేగం నిమిషానికి 3,600 చుట్ల దగ్గర ఉంటుంది. గవర్నర్ దారి తప్పితే ఇంజిన్ దాన్ని దాటి పరిగెత్తి, కనెక్టింగ్ రాడ్ విరిగే ప్రమాదం ఉంది.

బిగించాక చూడాల్సినవి

ఎయిర్ ఫిల్టర్ తీసి, లివర్ కుందేలు దగ్గర ఉన్నప్పుడు చోక్ రేకు పూర్తిగా తెరుచుకుందో లేదో చూడండి. సగం మూసుకుని ఉంటే నల్ల పొగ వస్తుంది, క్లాంపు మళ్లీ సర్దాలి. కొన్ని పాత బండ్లలో లివర్‌ను పూర్తిగా కిందికి లాగితేనే ఇంజిన్ ఆగుతుంది. అక్కడ చిన్న రేకు తగిలి కరెంటు ఆగిపోతుంది. మీది అలాంటిదైతే ఆ రేకు ఇప్పటికీ తగులుతోందో లేదో ముందే చూసుకోండి. ఆ తర్వాత ప్లగ్ వైరు పెట్టి, బ్లేడు ఆపి ఉంచి, ఫుల్ థ్రోటిల్‌లో ఐదు నిమిషాలు నడపండి. లివర్ పక్కన డ్యాష్‌బోర్డు మీద పెన్సిల్‌తో గీత గీసి పెట్టుకుంటే వెంట్రుకవాసి జారినా తెలిసిపోతుంది. జారితే ఇంకో పావు చుట్టు.