కుక్కపిల్లను తెచ్చే ముందు గడియారం చూడండి

ఏ జాతి మంచిదన్న ప్రశ్న తర్వాత. ముందు మీ ఇంటి మామూలు రోజును కాగితం మీద పెట్టండి: తాళం ఎన్నింటికి పడుతుంది, ఎన్నింటికి తీస్తారు, పొద్దున్నే కుక్కను తిప్పేదెవరు? మొగుడూ పెళ్లాం ఇద్దరూ టీచర్లై, ఎనిమిదికి వెళ్లి అయిదుకు వచ్చే ఇంట్లో 2 నెలల కుక్కపిల్లను పెంచలేరు. ఆ వయసులో అది రెండు మూడు గంటలకు మించి ఉచ్చ ఆపుకోలేదు, తిండి రోజుకు నాలుగుసార్లు పెట్టాలి. అలాంటి ఇంటికి ఏడాది దాటిన కుక్కే నయం.

ఇంకో లెక్క కూడా ఉంది. కుక్క 10 నుంచి 14 ఏళ్లు బతుకుతుంది. తొమ్మిదో తరగతి పిల్లాడు మారాం చేశాడని లాబ్రడార్ తెస్తారు. రెండేళ్లు తిరిగేసరికి వాడు ఇంటర్‌కి విశాఖో విజయవాడో వెళ్లిపోతాడు, 30 కిలోల కుక్క గొలుసు నానమ్మ చేతికొస్తుంది. అది పిల్లిని చూసి ఒక్క గుంజు గుంజిందంటే ఆవిడ తుంటి ఎముకకే ముప్పు. చివరికి చూసుకునేది పెద్దవాళ్లే అయితే 15 కిలోలు దాటనిదాన్ని తెచ్చుకోండి.

శ్రీకాకుళం, విజయనగరం వైపు ఎండకన్నా ఉక్క ప్రమాదం. కుక్కకు మనలా ఒళ్లంతా చెమట పట్టదు. నాలుక చాపి వగరుస్తుంది, ఆ తడి ఆరితేనే ఒళ్లు చల్లబడుతుంది. గాలిలో తేమ నిండి ఉంటే తడి ఆరదు. మంచు దేశాల కుక్క హస్కీని మే నెలలో ఏసీ గదిలో ఉంచాలి, కరెంటు పోయిందంటే దానికి గండమే. పగ్‌ది చట్టిముక్కు, గాలి వెళ్లే దారి ఇరుకు, నీడలో కూడా ఆయాసపడుతుంది. ఈ రెండూ ఇక్కడికి వద్దు. జర్మన్ షెపర్డ్ నెగ్గుకొస్తుంది గానీ, వేసవిలో పొద్దున ఆరున్నరలోపు, రాత్రి ఏడు దాటాక మాత్రమే తిప్పాలి. అనుమానముంటే మీ చెయ్యి వెనక భాగాన్ని రోడ్డుకు ఆనించి ఏడు అంకెలు లెక్కపెట్టండి. మీరు ఓర్చుకోలేని వేడి దాని కాళ్లనూ కాలుస్తుంది.

ఉద్దానంలో జీడి, కొబ్బరి తోటల మధ్య ఇల్లున్నవాళ్లకు అరిచే కుక్క కావాలి. గోడకు గోడ ఆనుకున్న వరుస ఇళ్లలో మాత్రం, అరుగు మీద ఎవరు కూర్చున్నా మొరిగే పొమరేనియన్‌తో పక్కింటివాళ్లతో తగువే. మా మాటైతే నాటుకుక్కకే. పొట్టి బొచ్చు, మధ్యరకం ఒళ్లు, ఈ ఉక్కలోనే పుట్టింది. దానికి రోగాలు రావని టీకాలు మానేస్తారు, అదే తప్పు.

ఇక పిల్లను ఎంచడం. అమ్మేవాళ్లు ఎప్పుడూ 'రెండు నెలలు' అనే చెబుతారు. నోరు తెరిచి చూడండి. 8 వారాలకు 28 పాలపళ్లూ వచ్చేసి ఉంటాయి. ముందుపళ్లూ కోరలే కనిపించి బుగ్గ పళ్లు లేకపోతే అది ఇంకా తల్లి దగ్గర ఉండాల్సిన పిల్ల. చిగురును వేలితో నొక్కి వదలండి, తెల్లబడ్డ చోటు రెండు సెకన్లలో గులాబీ రంగుకు తిరగాలి. చిగుళ్లు మొత్తం పాలిపోయి ఉంటే పురుగులో పిడుదులో రక్తం తాగుతున్నట్టు అనుమానించండి. పిడుదుల్ని చెవి మడతల్లో, కాలివేళ్ల సందుల్లో వెతకాలి. పక్కటెముకలు తేలి పొట్ట మాత్రం బానలా ఉంటే కడుపులో పురుగులే.

ఒక ఈతలో ఏ ఒక్క పిల్లకు నీళ్ల విరేచనాలున్నా మిగతావాటినీ తేవద్దు. అది పార్వో కావచ్చు, కుక్కపిల్లల ప్రాణం తీసే విరేచనాల వైరస్. అది సోకిన కొద్ది రోజులదాకా పిల్ల హుషారుగానే ఉంటుంది. ఆ వైరస్ నేల మీద నెలల తరబడి బతుకుతుంది కాబట్టి, పార్వోతో కుక్క పోయిన ఇంట్లోకి టీకాలు పూర్తికాని పిల్లను తీసుకురావద్దు.

తాళాల గుత్తి కింద పడేసి చూడండి. ఉలిక్కిపడినా వెంటనే వాసన చూడ్డానికి వచ్చేది మంచి పిల్ల. మూలకు దూరి బయటికి రానిది చిన్నపిల్లలున్న ఇంటికి పనికిరాదు, భయపడే కుక్కే రేపు కరిచేది.

టీకా పుస్తకంలో తేదీ, డాక్టరు సంతకంతో పాటు సీసా మీది స్టిక్కరు అంటించి ఉందో లేదో చూసుకోండి. మొదటి టీకా 6 నుంచి 8 వారాల మధ్య, ఆపైన 16 వారాలు నిండేదాకా మూడు నాలుగు వారాలకొకటి. రేబిస్ టీకా 3 నెలలకు. ఇవి పూర్తయ్యేదాకా పిల్లను వీధిలో దించవద్దు, ఆసుపత్రికైనా చంకనెత్తుకునే వెళ్లండి.