పాత రాతి కట్టడాల ఫొటోలు – 3వ పాఠం: రామప్పలో నల్లరాయి, ఎర్రరాయి

పోయిన పాఠంలో మీ ఊరి గుడినో బురుజునో ఒకే చోట నిలబడి పొద్దున ఒకసారి, మిట్టమధ్యాహ్నం ఒకసారి తీయమన్నాను. తీసినవాళ్లకి మధ్యాహ్నం ఫొటోలో రాయి ఎంత చప్పగా వస్తుందో ఈపాటికి తెలిసిపోయి ఉంటుంది. ఇవాళ ములుగు జిల్లా పాలంపేట వెళ్దాం. కాకతీయ గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు 1213లో కట్టించిన రామప్ప గుడి, 2021లో యునెస్కో జాబితాకెక్కింది.

రామప్పలో చిక్కంతా ఏమిటంటే గుడి గోడలేమో లేత ఎరుపు ఇసుకరాయి, చూరు కింద ఒంపులు తిరిగి నిలబడ్డ మదనికలనే స్త్రీ శిల్పాలేమో అద్దంలా నునుపు తేల్చిన నల్లరాయి. కెమెరాకి ఈ తేడా తెలియదు, ఏది చూపించినా నడిమి బూడిదరంగుకి తేవాలని చూస్తుంది. మదనికని దగ్గరగా తీశారా, ఆ నలుపుని బలవంతంగా తేల్చేసి బూడిద చేస్తుంది, వెనకున్న ఎర్రరాయి తెల్లగా పాలిపోతుంది. అందుకే ఫోన్‌లో శిల్పం మీద వేలు నొక్కిపట్టి, పక్కన వచ్చే సూర్యుడి గుర్తుని కొంచెం కిందికి లాగండి. కెమెరా ఉంటే ఎక్స్‌పోజర్‌ని, అంటే ఫొటోలోకి వచ్చే వెలుగుని, మైనస్ 0.7 దగ్గర మొదలుపెట్టి చూసుకోండి.

వెలుగు సంగతి. గుడి తూర్పుముఖం కాబట్టి పొద్దున్నే ఎదురుగా నిలబడితే ఎండ సూటిగా పడి చెక్కడాల్లో లోతు పోతుంది. చలికాలంలో దక్షిణం వైపుకి రండి. అప్పుడు సూర్యుడు ఆగ్నేయం నుంచి వస్తాడు, ఎండ గోడని ఏటవాలుగా రాసుకుంటూ పోతుంది, మండపం బయటి గోడ మీద వరసగా నడిచే చిన్న చిన్న ఏనుగులకి ఒక్కోదానికి తన నీడ తనకి వస్తుంది. మదనికలకి మాత్రం తొందరపడొద్దు, ఎందుకంటే చూరు నీడలో ఉంటారు కదా, కిందున్న పీఠం మీద ఎండ బాగా పరుచుకున్నాక ఆ రాతి నేల నుంచే వెలుగు పైకి తుళ్లి వాళ్ల గడ్డం కిందా, నడుం ఒంపులోనూ వెచ్చగా పడుతుంది. ఎత్తు మడమల చెప్పులు తొడుక్కున్న మదనికని నేను అలాగే తీశాను. ఆ మడమ అంచున మెరిసిన సన్నటి గీత కోసం అరగంట నిలబడ్డాను, ఇంకో అరగంటైనా నిలబడేదాన్ని.

ఇక ఎడిటింగ్. ముందు గీతలు సరిచేయాలి. ఫోన్ పైకెత్తి తీస్తే స్తంభాలు వెనక్కి వాలినట్టు వస్తాయి, స్నాప్‌సీడ్ యాప్‌లో పర్‌స్పెక్టివ్ అనే టూల్‌తో నిటారు చేయొచ్చు. అలా చేస్తే అంచులు తెగుతాయి, కాబట్టి తీసేటప్పుడే చుట్టూ ఖాళీ వదలండి. కానీ ఇక్కడ చాలామంది చేసే తప్పు ఒకటుంది. రామప్ప మండపంలో నేల నిజంగానే కుంగింది, దూలాలు నిజంగానే కదిలాయి. ఎనిమిది వందల ఏళ్లలో గుడి పడ్డ కష్టం అది, దాన్ని ఆటో బటన్ నొక్కి చదును చేసేస్తే ఎలా? నిలువుగా ఉన్న ఒక్క స్తంభాన్ని ఆధారంగా పెట్టుకుని అంతవరకే సరిచేసి, మిగతా వంకరలు అలాగే ఉండనివ్వండి.

రంగు విషయంలో ఆటోని నమ్మొద్దు, ఎరుపు ఎక్కువైందనుకుని రాయిని నీలంగా తిప్పేస్తుంది. ఫొటోని వెచ్చగానో చల్లగానో మార్చే వైట్ బ్యాలెన్స్‌ని కంటికి గుర్తున్న రంగు వచ్చేదాకా కొద్దికొద్దిగా జరపండి. నీడ భాగాల్ని తేల్చే షాడోస్ మరీ పెంచొద్దు, నల్లరాయి నల్లగానే ఉండాలి, నగల అంచులు కనిపిస్తే చాలు. చిన్న చిన్న గీతల్ని ఎత్తిచూపే స్ట్రక్చర్ పదిహేను దాటితే నునుపు రాయి కాస్తా గరుకు సిమెంటులా తయారవుతుంది, నాకది అస్సలు నచ్చదు.

ఈ వారం పని: నలుపు, లేతరంగు పక్కపక్కన ఉన్న రాయి దేన్నైనా, మీ వీధి గుడిలో నంది అయినా సరే, మూడు ఎక్స్‌పోజర్లలో తీసి పెట్టుకోండి. వచ్చే పాఠంలో హనుమకొండ వేయిస్తంభాల గుడి లోపలి చీకట్లోకి వెళ్తాం, అప్పుడు ఆ మూడూ ముందేసుకుని కూర్చోవాలి.